అడ్మిన్‌ని ఎవరు ఎంచారు, ఎవరి కోసం ఎంచారు?

ఈ జులై 17 రాత్రి, ధౌలా కువాన్ పక్కన సత్యనికేతన్‌లో నా గదిలో కూర్చుని ఒక మెసేజ్ డిలీట్ చేశాను. కారంచేడుకు నలభై ఏళ్లు నిండిన రోజది. మా తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎంఏ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి, హతుల స్మృతి చిహ్నం ఫోటో పెట్టి పది పన్నెండు వరుసలు రాసింది. చంపిన భూస్వాముల కులం పేరు కూడా రాసింది. ఆ పేరేమీ రహస్యం కాదు. కారంచేడు మీద వచ్చిన ప్రతి నివేదికలో ఉంది.

ఇరవై నిమిషాల్లో ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. "ఒక కులాన్ని టార్గెట్ చేస్తున్నారు, గ్రూపు వాతావరణం పాడవుతోంది" అన్నారు. అడ్మిన్లకు విడిగా ఒక చిన్న గ్రూపు ఉంటుంది. అందులో ఒక సీనియర్ నాకు రాశాడు: "అమ్మా, ఇది నువ్వు తీసేస్తే బాగుంటుంది. మేం తీస్తే ఇంకోలా అనుకుంటారు."

తీసేశాను. అడ్మిన్ తొలగించినట్టు నా పేరుతో సహా అందరికీ కనిపించింది. ఎందుకు తొలగించానో మాత్రం ఎవరికీ కనిపించదు. వాట్సాప్‌లో కారణం రాసే చోటు లేదు. ఆ అమ్మాయి కాసేపటికి గ్రూపులోంచి వెళ్లిపోయింది. తర్వాత నాకు ఒక్క మెసేజ్ పెట్టింది: "అక్కా, వాళ్లు తీసుంటే గొడవ పడేదాన్ని. నువ్వు తీశావు. ఇంక ఎవరితో మాట్లాడను?"

మాది చీరాల. కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లు తలదాచుకున్న ఊరు. వాళ్ల కోసం పుట్టిన విజయనగర్ కాలనీ ముందు నుంచే చిన్నప్పుడు బడికి వెళ్లేదాన్ని. అలాంటిదాన్ని, ఢిల్లీ వచ్చి పీహెచ్‌డీ చేస్తూ కారంచేడు పోస్టు తీసేశాను. ఈ వ్యాసం క్షమాపణ కాదు. క్షమాపణ చెప్పాల్సిన మనిషికి విడిగా చెప్పుకున్నాను. నన్ను ఆ పని చేయగలిగే చోట కూర్చోబెట్టిన పద్ధతి గురించి మాట్లాడాలి. అది ఒక్క మా గ్రూపు పద్ధతి కాదు.

ముందు మా గ్రూపు సంగతి. సౌత్ క్యాంపస్ చుట్టుపక్కల తెలుగు పిల్లలు ఎప్పుడూ ఎక్కువే. టీటీడీ 1961లో ఇక్కడ వెంకటేశ్వర కాలేజీ పెట్టిన నాటి నుంచీ ఆ రాకపోకలు ఉన్నాయి. ఇప్పుడు యూపీఎస్సీ కోచింగ్ వాళ్లూ, వేరే యూనివర్సిటీల వాళ్లూ, ఉద్యోగాల్లో చేరి కూడా గ్రూపు వదలని పాత విద్యార్థులూ కలిసి సభ్యులు ఏడు వందలు దాటారు. పీజీ గది కావాలన్నా, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికెళ్లేవాళ్లతో పచ్చడి సీసా తెప్పించుకోవాలన్నా, అర్ధరాత్రి జ్వరమొస్తే తోడు కావాలన్నా ఆ గ్రూపే దిక్కు. హిందీ రాని పిల్ల స్టేషన్లో దిగగానే మొదట అడిగేది అందులోనే. అందుకే "నచ్చకపోతే వెళ్లిపోండి" అనే మాట ఎంత క్రూరమో, వేరే ఆసరా ఉన్నవాళ్లకు అర్థం కాదు. ఊళ్లో దీన్నే వెలి అంటారు. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం అడిగినందుకు దళితులకు పనులు లేకుండా చేశారు. అక్కడ ఎవరినీ ఊరి నుంచి తరమలేదు. ఊళ్లోనే ఉంచి, ఊరిని వాళ్లకు అందకుండా చేశారు. గ్రూపులో ఒక మనిషి మాట చెల్లకుండా చేయడం ఆ స్థాయి దెబ్బ అని నేననను. కానీ రెండింటి వెనకా అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఎవరు ఉండాలో, ఎవరి మాట ఉండాలో తేల్చే అధికారం ఎవరిది?

గ్రూపుకు ఒక నియమం ఉంది, "రాజకీయాలు, కులం, మతం వద్దు" అని. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభ ఆహ్వానం ఆ నియమం కింద పోయింది. కార్తీకమాసంలో వనభోజనాల ఆహ్వానాలు వస్తాయి. ఏ కులం వనభోజనాలు ఆ కులానివే, కార్డు మీద సామాజికవర్గం పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఒక్కటీ పోలేదు. "టూ బీహెచ్‌కే, ప్యూర్ వెజ్, మనవాళ్లకు ప్రాధాన్యం" అనే గది ప్రకటన మూడు రోజులు పైన పిన్ చేసి ఉంది. "మనవాళ్లు" అంటే ఎవరని ఒకరు అడిగితే, ఆ ప్రశ్నను డిలీట్ చేశారు! నెట్ ఫలితాలు వచ్చిన రోజు "కటాఫ్ ఎంత, ఏ కేటగిరీ" అంటూ నవ్వు బొమ్మలతో సాగిన సంభాషణ ఇప్పటికీ అలాగే ఉంది. తెలుగులో కులం తిట్టు రూపంలో వచ్చేది తక్కువ. అది ఇంటిపేరు అడుగుతుంది. మీ ఇల్లు ఊళ్లో ఏ వైపు అని అడుగుతుంది. ర్యాంకు ఎంత అని అడుగుతుంది. ఆ ప్రశ్నలు ఎప్పుడూ ఎదురవ్వని మనిషికి అవి పలకరింపులా వినిపిస్తాయి. అతను చెడ్డవాడు కానక్కర్లేదు, అతనికి వినిపించదు, అంతే. వినిపించనివాడి చేతికి డిలీట్ బటన్ ఇచ్చి అతన్ని తటస్థుడు అంటున్నాం.

నిరుడు గ్రూపు పెరిగిపోయిందని కొత్త అడ్మిన్లు కావాలన్నారు. అర్హతలు మూడు చెప్పారు: సీనియారిటీ, చురుగ్గా ఉండటం, న్యూట్రల్‌గా ఉండటం. చదవగానే ఎవరికీ అభ్యంతరం తోచదు. నాకూ తోచలేదు.

సీనియర్ అంటే ముందొచ్చినవాడు. ఢిల్లీకి ముందు రాగలిగిందెవరు? కోచింగ్‌కు డబ్బున్నవాళ్లు, ఇక్కడ మేనమామో బాబాయో ఉన్నవాళ్లు. చురుగ్గా ఉండటం అంటే రోజంతా ఫోన్ చూడగలగడం. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుని, ఫెలోషిప్ డబ్బులు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూసే పిల్లకు అంత తీరిక ఎక్కడిది? ఇక న్యూట్రల్. ఎప్పుడూ గొడవ పడనివాడు న్యూట్రల్. గొడవ పడాల్సిన అవసరం ఎవరికి రాదో వేరే చెప్పాలా? గది ప్రకటన మీద ప్రశ్న అడిగిన అబ్బాయికి "వివాదాస్పదుడు" అని పేరొచ్చింది. ఆ ప్రకటన పెట్టినతను ఇప్పుడు అడ్మిన్.

వీటన్నిటి పైన గ్రూపు మొదలుపెట్టినవాడు ఉంటాడు. అతన్ని గ్రూపులోంచి తీసేయడం ఎవరివల్లా కాకుండా 2018లో వాట్సాపే ఏర్పాటు చేసింది. మా నాయనకు ఇది వివరిస్తే నవ్వి, "అయితే కరణం అన్నమాట" అన్నాడు. ఆయన అన్నది సరిగ్గా సరిపోతుంది. కరణం చేతిలో ఉండేది దస్త్రమే, కత్తి కాదు. ఏ పొలం ఎవరిదో, ఎవరు ఊరివాళ్లో, ఎవరు కాదో ఆ దస్త్రంలో ఉండేది. తండ్రి తర్వాత కొడుకుకు పోయేది. గాజుల దశరథరామారావు కేసులో 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వారసత్వాన్ని కొట్టేసింది. ప్రభుత్వ పదవిని వంశాన్ని బట్టి ఇవ్వడం రాజ్యాంగం 16(2) అధికరణకు విరుద్ధమంది. అయినా కరణాలు, మునసబులు పోవడానికి 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. మధ్యలో ఇరవై మూడేళ్లు. కోర్టు వద్దన్నాక కూడా దస్త్రం ఎవరి ఇంట్లో ఉందో వాళ్ల ఇంట్లోనే ఉండిపోయింది. ఎందుకంటే "పని తెలిసినవాళ్లు వాళ్లే కదా" అన్నారు. మా గ్రూపులోనూ ఇదే మాట.

నన్ను ఎలా ఎంచారో చెప్పాలి. జయంతి పోస్టు తీసేసినప్పుడు మేం ఏడెనిమిది మందిమి నిరసన తెలిపాం. దాంతో "మీ వాళ్లలోంచి కూడా ఒకరిని పెడదాం" అన్నారు. పోల్ పెట్టారు. నాలుగు పేర్లు. జయంతి పోస్టు పెట్టిన అబ్బాయి పేరు కూడా ఉంది. నేను గెలిచాను, బాగా ఎక్కువ ఓట్లతో. ఆ రాత్రి చాలా సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు. తర్వాత ఎప్పుడో పోల్ తెరిచి ఓట్లు వేసినవాళ్ల పేర్లు చూశాను. వాట్సాప్ పోల్‌లో ఎవరు ఎవరికి వేశారో కనిపిస్తుంది కదా. మా వాళ్లలో ఎక్కువమంది ఆ అబ్బాయికి వేశారు. నాకు వేసింది మిగతా గ్రూపు. నేను మెత్తగా మాట్లాడతాను, ఇంగ్లీషు బాగుంటుంది, "మేడం, మీరు అందరిలాంటివారు కాదు" అని ఒకరు నాతో అన్నారు కూడా. దాన్ని మెప్పు అనుకున్నాను.

పూనా ఒప్పందం మీద సెమినార్ పేపర్ రాసినదాన్ని నేను. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు రెండు ఓట్లిచ్చింది. ఒకటి తమ ప్రతినిధిని తామే ఎన్నుకోవడానికి, రెండోది అందరితో కలిసి సాధారణ స్థానంలో వేయడానికి. గాంధీ నిరాహార దీక్ష తర్వాత సెప్టెంబరు 24న కుదిరిన ఒప్పందంలో సీట్లు 148కి పెరిగాయి, రెండు ఓట్లూ పోయాయి. దాని బదులు ప్రాథమిక ఎన్నిక వచ్చింది. దళిత ఓటర్లు నలుగురి ప్యానెల్‌ను ఎంచుతారు, ఆ నలుగురిలో ఒకరిని మొత్తం ఓటర్లు గెలిపిస్తారు. అదీ పదేళ్లకు మించకుండా. అంటే ప్యానెల్‌లో దళితుల ఓట్లు అందరికంటే తక్కువ వచ్చిన నాలుగోవాడు సవర్ణుల ఓట్లతో గెలిచి "దళిత ప్రతినిధి" కావచ్చు. సీట్ల సంఖ్య చూసి మురిసిపోవద్దని, పోయిన ఆ రెండో ఓటుకు విలువ కట్టలేమని బాబాసాహెబ్ తర్వాత రాశారు. ఆ రెండో ఓటు ఉంటే సవర్ణ అభ్యర్థి కూడా దళిత ఓటరుకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. పూనా ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన రోజున, 1982 సెప్టెంబరు 24న, కాన్షీరామ్ 'చంచా యుగం' విడుదల చేశారు. ప్రత్యర్థికి నిజమైన ప్రతినిధి ఎదురైనప్పుడే చంచా అవసరం పడుతుందని ఆయన వాదన. మాకు ఆ ప్యానెల్ కూడా లేదు. నలుగురి పేర్లు పెట్టింది వాళ్లే, గెలిపించిందీ వాళ్లే. "నువ్వు తీసేస్తే బాగుంటుంది" అన్న మెసేజ్ వచ్చేదాకా నేనెందుకు గెలిచానో నాకు తట్టలేదు. పేపర్ రాయడం వేరు.

ఇంకో మాట, మనవాళ్లు కొందరికి రుచించకపోవచ్చు. నేను మాల. పోస్టు పెట్టిన అమ్మాయి మాదిగ. కారంచేడులో చంపబడినవాళ్లు మాదిగలు. "మీ వాళ్లలోంచి ఒకరు" అనేసరికి ఒక మాల పీహెచ్‌డీ స్కాలర్ సరిపోతుందని బయటివాళ్లు అనుకున్నారు. అది వాళ్ల అజ్ఞానం. నేనూ అనుకున్నాను. ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994లో దండోరా మోగింది ఈ మాట మీదే. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందన్నాక కూడా మనలో కొందరు "ఐక్యత చెడుతుంది" అంటున్నారు. గ్రూపు సామరస్యం చెడుతుందని నాతో ఆ పోస్టు తీయించినవాళ్ల మాటకూ దీనికీ పోలిక కనబడటం లేదా? దెబ్బ తగిలినవాళ్లు ఎంచాలి అంటున్నప్పుడు, ఎక్కువ దెబ్బ ఎవరికి తగిలిందో మనలో మనమూ అడుక్కోవాలి. రెల్లి పిల్లలు మా గ్రూపులో ఇద్దరే ఉన్నారు. వాళ్లనెవరూ ఏదీ అడగరు, మాతో సహా.

అడ్మిన్లు చెప్పే సాకు ఒకటుంది. "ఏదైనా గొడవైతే పోలీసులు మమ్మల్ని పట్టుకుంటారు." ఇది విని చాలామంది జడుస్తారు. 2021 మార్చిలో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ ఈ విషయం తేల్చింది. సభ్యుడు పెట్టిన పోస్టుకు, ముందస్తు కుమ్మక్కు ఉంటే తప్ప, అడ్మిన్ నేరబాధ్యుడు కాడంది. 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టూ అదే దారిలో చెప్పింది. అడ్మిన్‌కు మిగతా సభ్యుల కంటే ఎక్కువగా ఉన్న ముఖ్యమైన అధికారం మనుషులను చేర్చడం, తీసేయడమేనని ఈ తీర్పుల సారం. బాధ్యత తక్కువ, అధికారం మాత్రం చేతిలో ఉంది. అలాంటప్పుడు ఆ చేయి ఎవరిదన్న ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

పెద్ద కంపెనీల్లో నిపుణులుంటారు, నియమాలుంటాయి, అక్కడ ఇలా జరగదని కొందరి నమ్మకం. 2018 నవంబరులో ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ ఢిల్లీ వచ్చినప్పుడు, ఒక దళిత కార్యకర్త ఇచ్చిన పోస్టర్ పట్టుకుని ఫోటో దిగారు. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూల్చాలని దాని మీద ఉంది. రచ్చయింది. ఆ వేదిక మీద ఏది ఉండాలో, ఏది పోవాలో చూసే విభాగానికి పెద్ద విజయ గద్దె. హైదరాబాద్‌లో పుట్టిన తెలుగావిడ. ఆమె బహిరంగంగా క్షమాపణ చెప్పి, అది కంపెనీ అభిప్రాయం కాదన్నారు. ఎవరికి చెప్పారు క్షమాపణ? పోస్టర్ చూసి నొచ్చుకున్నవాళ్లకు. రోజూ ఆ వేదిక మీద కులం పేరుతో తిట్లు తినేవాళ్లకు కాదు. మరుసటి ఏడాది నవంబరులో దిలీప్ మండల్ ఖాతాను ఆపేసినప్పుడు, బ్లూ టిక్కులు ఎవరికిస్తున్నారో లెక్క చెప్పమని బహుజనులు దేశమంతా హ్యాష్‌టాగులు నడిపారు. (ఆయన ఇవాళ్టి రాజకీయాలతో నాకు పొత్తు కుదరదు. ఆనాటి ప్రశ్న మాత్రం సరైనదే.) ఫేస్‌బుక్ విద్వేష నిబంధనల్లో కులం అనే మాట ఉంది. ఉన్నందుకు సంతోషమే. "ఏ కేటగిరీ" అన్న ప్రశ్నలో ఆ కులాన్ని పట్టుకునే మనిషి ఆ కుర్చీలో ఉన్నాడా?

మా మెట్రో స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రి ఆవిడ. రాజ్యాంగ సభ నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. ఆ స్టేషన్ నుంచి ధౌలా కువాన్‌కు కిలోమీటరు పైచిలుకు నడక వంతెన ఉంది. ఆ జులై వారమంతా నేను రాత్రిళ్లు దాని మీద అటూ ఇటూ తిరిగాను. సభలో ఎవరు మాట్లాడాలో చెప్పే కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ ఒక్కరే ఉన్నప్పుడు ఆ ఒక్కరి మీద ఎంత బరువు పడుతుందో నాకు తెలిసొచ్చింది. నేను ఒక్కదాన్నే కాబట్టి, మిగతా అయిదుగురికీ నచ్చేలా ఉండాలని తాపత్రయపడ్డాను. ముగ్గురం ఉంటే, "నువ్వు తీయి" అని నాతో అనే ధైర్యం చేసేవాళ్లు కాదు.

నేను అడిగేది పెద్ద విప్లవమేం కాదు. దెబ్బ ఎవరికి తగులుతుందో వాళ్లు తమ అడ్మిన్లను తామే ఎంచుకోవాలి, ఒకరిని కాదు, కనీసం మూడోవంతు. ఎంచుకున్నవాళ్లే దించగలగాలి. మిగతావాళ్లకు నచ్చలేదని దించడం కుదరకూడదు. సెమిస్టర్ కాగానే అందరూ దిగిపోవాలి, గ్రూపు పెట్టినతనితో సహా. తీసేసిన ప్రతి పోస్టుకూ కారణం రాసి గ్రూపులోనే పెట్టాలి. వికీపీడియాలో ఏ నిర్వాహకుడు ఏ పేజీ తొలగించాడో, ఏం కారణం రాశాడో ఎవరైనా చూడొచ్చు. అక్కడ కుదిరింది ఏడు వందల మంది గ్రూపులో కుదరదా? "గ్రూపును కులాలుగా చీలుస్తున్నారు" అంటారని తెలుసు. కార్తీక వనభోజనాల కార్డులు ఒకసారి పైకి జరిపి చూసుకోమని మనవి.

జులై 20న నేను ఆ పోస్టును నా పేరుతో మళ్లీ గ్రూపులో పెట్టాను. కింద, మూడు రోజుల క్రితం దాన్ని నేనే తీశానని, ఎవరు చెబితే తీశానో పేర్లు లేకుండా, ఏ మాటలతో చెప్పారో ఉన్నది ఉన్నట్టు రాశాను. తొమ్మిది నిమిషాలకు నేను అడ్మిన్‌ని కాదని ఫోన్‌లో కనిపించింది. మరో రెండు నిమిషాలకు పోస్టు పోయింది. ఈసారి వాళ్ల పేరుతోనే తీయాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి ఆగస్టులో వేరే గ్రూపు మొదలుపెట్టింది. గదుల కోసం, టికెట్ల కోసం, పచ్చళ్ల కోసమే. ప్రస్తుతానికి అరవై మంది దాకా ఉన్నారు. నన్ను చేర్చుకోవడానికి రెండు వారాలు ఆలోచించింది. అడ్మిన్లు నలుగురు, ఇద్దరు మాదిగ, ఒక రెల్లి అబ్బాయి, ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక గోండు అమ్మాయి. మొన్న నేను పెట్టిన ఒక పోస్టు తీసేశారు. కారణం రాశారు: "అక్కా, ఇది మూడోసారి పెట్టావు."